ఏ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నా చేతికి అమరడం లేదు. చేతులు చిన్నవని పొట్టి స్కేల్‌దే కొనాలా?

మీరు మూడు షాపులు తిరిగానన్నారు. ఇన్నాళ్లూ అకూస్టిక్ వాయించిన చేతికి ఏ ఎలక్ట్రిక్ పట్టుకున్నా ఏదో తేడాగా ఉందన్నారు, చేతులు చిన్నవి కాబట్టి స్కేల్ పొడవు, అంటే తీగ మోగే భాగం పొడవు, తక్కువున్నదే తీసుకోవాలేమో అన్నారు. ఆ చివరి మాట చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. సరిగ్గా ఆ లెక్క వేసుకునే నేనొక మంచి గిటార్ అమ్మేసుకున్నాను.

నాది గుంటూరు. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ మోడల్, పొట్టిగా స్ట్రాట్) తరహా గిటార్ ఒకటి చవకలో కొన్నాను. ఐదో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర బార్ కార్డ్, అంటే చూపుడువేలు తీగల మీద అడ్డంగా పరిచి పట్టేది, బాగానే పలికేది. మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టబోతే మాత్రం చూపుడువేలు నలిగిపోయేది, ఒకటో రెండో తీగలు మూగబోయేవి. స్ట్రాట్ స్కేల్ 25.5 అంగుళాలు, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్‌ది 24.75 అంగుళాలు, చిన్న చేతులకు రెండోదే హాయి అని ఎక్కడో చదివాను. ఇంకేముంది, కాలేజీలో ఒక జూనియర్‌కి దాన్ని సగం ధరకి ఇచ్చేసి, పైన డబ్బులు వేసి లెస్ పాల్ తరహాది తెచ్చుకున్నాను. దానిమీద ఎఫ్ సులువుగానే వచ్చింది. నా చేతులు చిన్నవే అని ఖాయం చేసుకున్నాను.

తర్వాతెప్పుడో తీరిగ్గా కూర్చుని లెక్క వేశాను. నట్ (తల దగ్గర తీగలు కూర్చునే చిన్న ముక్క) నుంచి మొదటి ఫ్రెట్‌కి దూరం స్ట్రాట్‌లో సుమారు 36.3 మి.మీ., లెస్ పాల్‌లో 35.3 మి.మీ. అంటే తేడా ఒక్క మిల్లీమీటరు. అవే తీగలు వేసి అదే శ్రుతి చేస్తే బిగువులో తేడా 6 శాతం. కానీ మొదటి తీగ 10 నంబరుది (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) తీసి 9 వేస్తే, బిగువు దాదాపు 19 శాతం తగ్గుతుంది. కొన్ని వందల రూపాయల తీగల సెట్టు మారిస్తే వచ్చే తేడా ముందు నేను గిటారే మార్చి సాధించింది ఏపాటిది?

అసలు దొంగ నట్. చవక గిటార్లకు ఫ్యాక్టరీలో దాని గాళ్లు తగినంత లోతుగా కోయరు, ఎక్కువ కోసేస్తే ముక్కంతా పారేయాలి కదా. దాంతో మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర తీగ ఎత్తుగా ఉంటుంది, నొక్కడానికి మిగతా చోట్లకంటే ఎక్కువ బలం కావాలి. పట్టుకోవడం సులభం: తీగని మూడో ఫ్రెట్ మీద నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. వెంట్రుక దూరేంత ఉంటే బాగున్నట్టే. సందు స్పష్టంగా కనపడుతుంటే నట్ ఎత్తు. ఇంకో దారి, మొదటి ఫ్రెట్‌కి క్యాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, దాని తర్వాత ఫ్రెట్ మీద అదే బార్ కార్డ్ పట్టి చూడండి. ఒక్కసారిగా తేలికైపోతే మీ చేతులకేం లోపం లేదు. నాకు ఈ సంగతి చెప్పింది హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన. 1200 తీసుకుని నట్ అరగదీసి, నెక్ లోపలుండే కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పి నెక్ వంపు సరిచేసి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దించి ఇచ్చారు. అది మూడో గిటార్ సంగతి. అప్పటికి మొదటిది చేజారి ఆరేళ్లయింది.

కాబట్టి షాపులో ఉన్న గిటార్ బాగా లేదనిపిస్తే, అది గిటార్ తప్పా సెటప్ తప్పా అన్నది ముందు తేల్చుకోండి. తీగల ఎత్తు, తీగల మందం, నెక్ వంపు, నట్, ఇవన్నీ సరిచేయించుకోవచ్చు. షాపుల్లో చాలావరకు డబ్బాలోంచి తీసి గోడకి తగిలించినవే ఉంటాయి, తీగలు తుప్పు పట్టి ఉంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద 1.6 మి.మీ. దగ్గర్లో సందు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది; షాపులో 3 మి.మీ. ఉన్నది వాయించి "ఇది నాది కాదు" అనుకోవడంలో అర్థం లేదు. మీ బడ్జెట్‌లోంచి ఒక పదిహేను వందలు సెటప్‌కి పక్కన పెట్టేయండి.

మార్చలేనివి నెక్ మందం, బరువు, ఫ్రెట్‌బోర్డ్ గుండ్రం (వేళ్లు ఆడే పలక అడ్డంగా ఎంత ఉబ్బుగా ఉందన్నది). షాపులో ధ్యాసంతా వీటి మీదే ఉండాలి.

బరువు దెబ్బ నాకు చర్చిలో తగిలింది. ఆదివారం ఆరాధనలో రెండు గంటలు నిలబడి వాయించాలి. ఆ లెస్ పాల్ తరహాది తూచి చూస్తే 4.3 కిలోలు. ఇంట్లో మంచం మీద కూర్చుని వాయించినప్పుడు తెలియలేదు. క్రిస్మస్ నెలలో వరసగా ప్రోగ్రాములు పడేసరికి ఎడమ భుజం పట్టేసింది, జండూబామ్ రాసుకుని స్టేజి ఎక్కేవాణ్ణి. వెడల్పాటి తోలు స్ట్రాప్ కొంటే కాస్త నయమైంది గానీ పూర్తిగా తీరలేదు. అందుకని షాపుకి మీ స్ట్రాప్ మీరే తీసుకెళ్లండి. నిలబడి, ఎడమ చెయ్యి వదిలేసి చూడండి. కొన్ని గిటార్లకు తల బరువెక్కువై నెక్ కిందికి వాలిపోతుంది. అలాంటిదైతే వాయిస్తున్నంతసేపూ ఎడమ చేత్తో దాన్ని మోస్తూనే ఉండాలి.

నెక్ మందం విషయంలో చిన్న చేతులకు సన్న నెక్ అని అందరూ అంటారు. నాకు అది పడలేదు. ఫ్రెండుది ఐబనీజ్ గిటార్ ఒకటి నెల రోజులు వాడాను, చాలా సన్న నెక్, వేగంగా వాయించడానికి అద్భుతం. కానీ నేను బొటనవేలు పైనుంచి వేసి తీగ లాగే రకం. అరచేతికి ఆనడానికేమీ లేక, అరగంటకల్లా బొటనవేలి మొదట్లో తిమ్మిరి వచ్చేది. కాస్త బొద్దుగా ఉన్న నెక్కే నాకు సుఖం. మీది ఏ పట్టో మీకే తెలియాలి.

తీగ లాగడం అన్నాను కాబట్టి గుండ్రం సంగతి కూడా చెప్పాలి. మన క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి కర్ణాటక రాగాలే ఆధారం. వాటిని గిటార్ మీద పలికించాలంటే స్వరాన్ని పక్కకి లాగి గమకం తేవాలి. పాతకాలం ఫెండర్ నమూనాల ఫ్రెట్‌బోర్డ్ 7.25 అంగుళాల వ్యాసార్ధం, బాగా గుండ్రం. కార్డులకి చేతిలో ఒదిగిపోతుంది. కానీ తీగల ఎత్తు తగ్గించి పై ఫ్రెట్లలో గట్టిగా లాగితే, తీగ ఆ ఉబ్బుకి తగులుకుని, స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. 12 అంగుళాలు, ఆ పైన ఉంటే బోర్డు చదునుగా ఉంటుంది, ఈ బెడద దాదాపు ఉండదు. మీరు ఎక్కువగా కార్డులే వాయిస్తే దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇక్కడ పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు గుర్తొస్తారు నాకు. మాండలిన్‌కి మామూలుగా జంటలుగా ఉండే ఎనిమిది తీగలు గమకాలకి లొంగవని, ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించేవారు. అంతటివాడే వాయిద్యాన్ని తన వాయింపుకి తగ్గట్టు మార్చుకున్నాడు, మనం మొహమాటపడటం ఎందుకు?

ఇంకో చిన్న విషయం. గుంటూరు ఎండల్లో నిగనిగలాడే నెక్‌కి చెమట తగిలితే చెయ్యి జారక అతుక్కుపోతుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ కొత్తది తీసుకుని, నెక్ వెనకభాగం మాత్రం మెల్లగా రుద్దితే ఆ మెరుపు పోయి మెత్తగా జారుతుంది. ముందువైపు జోలికి వెళ్లకండి. కొన్నాక చేసుకోవాలి, షాపులో కాదు!

వాయించి చూసేటప్పుడు ముందు ఆంప్లిఫయర్‌కి పెట్టకుండానే ఒక పావుగంట వాయించండి. ఆంప్ సౌండుకి మురిసిపోతే చెయ్యి చెప్పేది వినపడదు. మీకు బాగా వచ్చిన పాట ఒక్కటే, ప్రతి గిటార్ మీదా అదే. నెక్ అంచు పొడవునా వేలు జార్చి, ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయేమో చూడండి. పొడి వాతావరణంలో కర్ర కుంచించుకుని అవి బయటికొస్తాయి. ఆదివారం సాయంత్రం రద్దీలో కాకుండా, పనిరోజు పొద్దున వెళ్తే షాపువాళ్లూ విసుక్కోరు.

ఇప్పుడు నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ యమహా పసిఫికా, తీగలు 9 నంబరువి. దాని స్కేల్ 25.5 అంగుళాలే. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను.

పోయినేడు ఆ జూనియర్ ఇంటికి వెళ్తే నా మొదటి గిటార్ గోడకి తగిలించి ఉంది. నట్ మార్పించాడట. దించి ఎఫ్ పట్టాను, వెన్నలా పలికింది. తిరిగి ఇస్తావా, నువ్విచ్చినదానికి రెట్టింపు ఇస్తానన్నాను. "కూర్చో అన్నా, టీ తాగుదువు గానీ" అని దాన్ని మళ్లీ గోడకి తగిలించేశాడు.