మీరెవరో చెప్పే బొమ్మ ఎప్పుడైనా మీ చేత్తో మీరే గీసుకున్నారా? అందులో ఏం పెట్టారు?

గీసుకున్న. రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గుడ్డ మీద, చేర్యాల పటం పద్ధతిలో, అంటే తెలంగాణల చేర్యాల ఊరోళ్ళు గుడ్డ మీద కథను వరసగ గడులు గడులుగ గీసే పద్ధతిలో, అయిదు గడులు. ఆదివారాలు మాత్రమే కూర్చున్న కాబట్టి ఏడు నెలలు పట్టింది. అందులో నేనున్నది చివరి గడిలో, అది కూడా అరచేయంత. మిగతా నాలుగు గడుల నిండా మా అమ్మమ్మ, మా అమ్మ, చెరువు, గాడిద, ఉతుకుడు బండ, ఇస్త్రీ పెట్టె. అద్దం ముందు కూర్చుని సెల్ఫ్ పోర్ట్రెయిట్ గీసుకోండి అని ఇట్లాంటి ప్రశ్నలకు అందరూ చెప్తుంటరు, నేను మాత్రం ఒప్పుకోను. మొహం ఒక్కటే గీస్తే అది గుర్తింపు కార్డు మీది ఫొటో లాంటిదే, మనం ఎవరి చేతుల మీద పెరిగినమో అందులోకి రాదు.

మాది చాకలోళ్ళ ఇల్లు. ఈ మాట ఇట్ల రాయడానికి నాకు ముప్పై నాలుగేళ్ళు పట్టింది. స్కూల్ల మీ నాన్న ఏం చేస్తడు అంటే బిజినెస్ అని చెప్పిన, హాస్టల్ల రూమ్మేట్లకు అసలు చెప్పలే, ఆఫీసుల మొన్నమొన్నటి దాకా ఎవరికీ తెల్వదు. 2024ల కోఠి మహిళా యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నరని టీవీల వచ్చినప్పుడు మా అమ్మ ఇస్త్రీ ఆపి వచ్చి నిలబడి చూసింది. పాలకుర్తి ఐలమ్మ అంటే మా దిక్కు తెల్వనోళ్ళు లేరు, తను దున్నుకునే భూమి కోసం దొర మీద కొట్లాడిన మనిషి. చిన్నప్పుడు నన్ను ఏడిపియ్యనీకె వాడిన మాట అంత పెద్ద చదువుల తల్లి ఇంటికి పేరైందని చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. పటం ఆలోచన అప్పుడే పుట్టింది.

పటమే ఎందుకంటే, మా అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి పటం కథలోళ్ళు వచ్చి మడేలు పురాణం చెప్పేటోళ్ళట. మడేలయ్య దేవతల బట్టలు ఉతికిన కథ, అది మా కథ. పద్మశాలీలకు కూనపులోళ్ళు మార్కండేయ పురాణం చెప్తరు, ముదిరాజులకు కాకిపడగలోళ్ళు పాండవుల కథ చెప్తరు, మాదిగలకు జాంబ పురాణం ఉంది, ఇట్ల ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకు ఒక పటం, చాలా పటాలు గీసిచ్చేది చేర్యాల నకాషీలు, అంటే తరతరాలుగ బొమ్మలు గీసేటోళ్ళు. నలభై అడుగులు దాటిన పటాలు కూడా ఉండేవి. గడి తర్వాత గడి విప్పుకుంటూ రాత్రంతా పాడుతుంటే ఊరి ముందర కూర్చుని మేమెవరమో వినేటోళ్ళు. ఇంత ఉన్న కళను ఇప్పుడు జనం డ్రాయింగ్ రూముల్ల తగిలించుకుని, ఎవరన్నా అడిగితే ఏదో ట్రైబల్ ఆర్ట్ అంటున్నరు, నాకు నిజంగా కడుపు మండుతది. కొనండి, తప్పకుండా కొనండి, వాళ్ళకు నాలుగు పైసలు వస్తయి, కానీ అందులో ఉన్నది ఎవరి కథనో ఒక్కసారి అడిగి తెచ్చుకోండి.

నేను మడేలు పురాణం గీయలే. మా ఇంటి కథ గీసిన. పని మాత్రం చేర్యాల పోయి ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్న. ముందు గుడ్డ తయారు చేసుడే సగం పని. చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, గంజి, తుమ్మ జిగురు కలిపి మూడుసార్లు పూత పూయాలె, ఒకటి ఎండినంకనే ఇంకోటి. నేను ఇంటికొచ్చి సొంతంగ చేసిన మొదటి గుడ్డ, చుట్ట చుట్టంగనే టపటప పలిగింది. మా అమ్మ వచ్చి ఆ గిన్నెల రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితోటి రాసి చూసి, "చిక్కగైంది బిడ్డా, చీరకైనా ఇంత పెడితె విరుగుతది" అన్నది. నలభై ఏళ్ళు గంజి పెట్టిన చెయ్యి అది. రెండో గుడ్డకు తనే కలిపింది, ఇప్పటిదాకా ఒక్క పగులు రాలే. అందుకే ఆ పటం నేనొక్కదాన్నే చేసిన అని చెప్పుకోను.

ఈ ముక్క యాప్ల గురించి రాయకుంటె నా మనసు ఊకోదు. ఫొటో పెడితే పది సెకన్లల చేర్యాల స్టైల్ల మీ బొమ్మ వస్తదని ఒక కొలీగ్ చూపించింది. చూడనీకి ముద్దుగనే ఉంది. కానీ దాంట్ల నన్ను గోధుమపిండి రంగుల వేసింది, ముక్కు సన్నం చేసింది. అడిగిందెవరు? ఫోన్ కెమెరాలకు కూడా ఇదే రోగం, పెళ్ళిల ఫొటో తీస్తె మా పిన్ని ఎవరో నాకే తెలుస్తలేదు.

ఈ రంగు గొడవే మూడో గడి దగ్గర నన్ను నెల రోజులు ఆపింది. మూడో గడిల మా అమ్మ ఇస్త్రీ బండి కాడ నిలబడి ఉంటది. పటాల్ల రంగుకు ఒక లెక్క ఉంది, దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు కొంచెం గులాబీ చాయ, రాక్షసులకు ముదురు గోధుమ రంగు. మా అమ్మ నలుపు. నల్లరేగడి మన్ను తడిస్తె ఎట్లుంటదో అట్ల. గులాబీ వేస్తె అది మా అమ్మ గాదు, ముదురు రంగు వేస్తె లెక్క ప్రకారం రాక్షసి అయితది. పెద్దాయనకు ఫోన్ చేసిన. ఆయన కులం, దేవుడు ఏం మాట్లాడలే, పని మాటే చెప్పిండు, ముదురు రంగు మీద నల్ల గీత కనపడదమ్మా, కంటికి, చేతులకు తెల్ల గీత పెట్టి చూడు అన్నడు. ఇగ ఇంట్ల మా అమ్మ ఏమో "జర తెల్లగ వెయ్యరాదే, పటంల గూడ నల్లగనేనా" అని నా వెంట పడ్డది. ఆ ఒక్క విషయంల నేను ఆమె మాట వినలే. ముదురు రంగు కలిపి నింపిన, చేప లాంటి పెద్ద కళ్ళు తెల్లగ తీసిన, ఎనక అంతా పటం ఎరుపు. ఆ ఎరుపు మీద ఆమె ఎంత నిండుగ నిలబడ్డదో రాసి చెప్పలేను. మా పెదనాన్న కొడుకు చూసి, ఇంత చదువుకుని ఉద్యోగం చేస్తూ గాడిదను, రేవును గోడకెక్కిచ్చుడు ఎందుకు చెల్లే, జనం ఏమనుకుంటరు అన్నడు. ఏమనుకుంటరో అనుకోనియ్యి అన్న. ఆ గాడిద మోసిన మూటల మీదనే మా అన్నలు, నేను చదివినం.

అన్నిటికన్న నేను చెప్పాలనుకున్నది రెండో గడి గురించి. అది గుర్తుల గడి. ఊర్ల ముప్పై నలభై ఇండ్ల బట్టలు ఒక్కతాన కలిస్తె ఎవరివి ఎవరివో తెల్వాలె గదా, దానికి నల్లజీడి గింజ వాడేటోళ్ళు, తినే జీడిపప్పు కాదు. గింజకు సూది గుచ్చి, ఆ నల్లటి రసంతోటి బట్ట అంచు లోపల చుక్క పెట్టి, మీద సున్నం అద్దుతరు, ఇంక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. చెయ్యికి తగిలితె మాత్రం పొక్కుతది, మా అమ్మమ్మ చూపుడువేలు మీద ఆ మచ్చలు నేను పట్టుకుని ఆడుకున్న. పటేలోళ్ళకు మూడు చుక్కలు, కోమటోళ్ళకు గుణకారం గుర్తు, బడిపంతులు ఇంటికి ఒక చుక్క కింద గీత. మా అమ్మకు అక్షరం రాదు, కానీ ముప్పై ఏళ్ళ కిందటి ఊరు మొత్తం ఇంటింటి గుర్తు ఇప్పటికీ గడగడ చెప్తది. ఒక ఆదివారం నేను కుంచె పట్టుకుని, ఆమె పక్కన పీట మీద కూర్చుని చెప్తుంటె ఒక్కొక్కటి గడి అంచు చుట్టూ గీసుకుంటూ పోయిన, ముప్పై ఆరు గుర్తులైనయి. అప్పుడు నాకు తట్టింది, అమ్మా, మరి మన ఇంటి గుర్తేది అని అడిగిన.

ఆమెకు నా ప్రశ్ననే అర్థం కాలే. "మనకు గుర్తెందుకు? అందరియి పంచినంక మిగిలినయి మనయి" అన్నది.

నేను కుంచె కడిగి పక్కకు పెట్టిన. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలే. కిందింటోళ్ళ కుక్కర్ కూతలు వినపడుతున్నయి. తర్వాత ఆమెకే కుంచె ఇచ్చి ఒకటి పెట్టు అన్న. నాకు రాదు అన్నది, చెయ్యి వణుకుతది అన్నది, బొమ్మ ఖరాబైతది అన్నది. చివరికి పటాన్ని తిరగేసింది, ఎందుకంటె గుర్తు ఎప్పుడూ లోపలి దిక్కే పెడతరు, పైకి కనపడొద్దు. కింది మూల దగ్గర నాలుగు చుక్కలు పెట్టి, వాటి మీద ఒక అడ్డ గీత గీసింది. ఒకటికి రెండుసార్లు ముప్పై ఆరింటినీ చూసుకుని, "ఇది ఎవరికియ్యలే" అన్నది.

పటం ఇప్పుడు మా ముందు రూముల ఉంది. వచ్చినోళ్ళకు ముందర చూపించినంక తిప్పి ఎనక మూల కూడా చూపిస్తా. పోయిన నెల ఆఫీసుకు పోతూ చున్నీ మడత పెడుతుంటె అంచు లోపల బాల్ పెన్నుతోటి అవే నాలుగు చుక్కలు, మీద గీత కనిపించినయి. బీరువ తెరిచి చూసిన, అన్నిటికీ ఉన్నయి.