ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ మార్చిలో పేరున్నవాళ్లను వదిలేస్తుంటే అది రీబిల్డా, చేతులెత్తేయడమా?

ప్రశ్న: అమెరికా వచ్చాక ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూడటం అలవాటైంది. మా ఊరి టీమ్ ఈ ఆఫ్‌సీజన్‌లో పేరున్న ప్లేయర్లను వరసగా వదిలేసి, ఎప్పుడూ పేరు వినని వాళ్లను ఏడాది కాంట్రాక్టుల మీద తెచ్చుకుంటోంది. కామెంటేటర్లు దీన్ని రీబిల్డ్ అంటున్నారు. నిజంగా టీమ్ కడుతున్నారా, ఓనరు డబ్బు మిగుల్చుకుంటున్నాడా? ఎలా పసిగట్టాలి?

జవాబు:

పేర్లు పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి. ప్లేయర్‌ను ఏ తేదీన వదిలారు, ఆ లెక్క ఏ సంవత్సరం ఖాతాలో పడింది, పోయినవాడి బదులు ఏ రౌండు డ్రాఫ్ట్ పిక్ వచ్చింది (ఏటా కొత్త కుర్రాళ్లను వరసలో ఎంచుకునే వంతు ఇది; నిరుడు ఎక్కువ ఓడిన టీమ్‌కు ముందు వంతు). ఈ మూడూ తెలిస్తే జనరల్ మేనేజర్ ప్రెస్‌మీట్‌లో ఏం చెప్పినా వినక్కర్లేదు.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఐపీఎల్‌లో ప్లేయర్‌ను వదిలేస్తే ఆ డబ్బు తిరిగి పర్సులోకి వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వదిలేసినవాడి డబ్బు కూడా కొంత మీ పర్సులోనే కూర్చుంటుంది. దాన్నే డెడ్ మనీ అంటారు. లీగ్ ప్రతి టీమ్‌కూ ఒకే శాలరీ క్యాప్, అంటే జీతాల మొత్తం మీద పరిమితి, పెడుతుంది. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. సైనింగ్ బోనస్ సంతకం చేయగానే ప్లేయర్‌కు ఖాయమైపోతుంది కానీ, క్యాప్ లెక్కలో దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచుకోవచ్చు. చిక్కంతా ఇందులోనే ఉంది.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఐదేళ్ల కాంట్రాక్టు, సైనింగ్ బోనస్ 2 కోట్ల డాలర్లు. అంటే ఏడాదికి 40 లక్షలు క్యాప్‌లో పడుతుంది. మూడో ఏడాది జీతం 90 లక్షలనుకోండి, ఆ ఏడాది క్యాప్ భారం మొత్తం 1.30 కోట్లు. రెండు సీజన్లు ఆడించి మూడో మార్చిలో పంపేస్తే, మిగిలిన మూడేళ్ల బోనస్ వాటా 1.20 కోట్లు ఒక్కసారిగా ఈ ఏడాది మీదే పడుతుంది. మిగిలేది 10 లక్షలు. అదే ప్లేయర్‌ను జూన్ 1 తర్వాత పంపితే ఈ ఏడాది 40 లక్షలు, వచ్చే ఏడాది 80 లక్షలు డెడ్ మనీ అవుతుంది, ఇప్పుడు 90 లక్షలు మిగులుతుంది.

మార్చిలోనే పంపేసి, లెక్క మాత్రం జూన్ 1 తర్వాత పంపినట్టు రాసుకునే వీలు కూడా ఉంది, కానీ ఏడాదికి ఇద్దరికి మించి కుదరదు. పైగా జూన్ వచ్చేదాకా ఆ 1.30 కోట్లు పుస్తకాల్లో అలాగే ఉంటాయి. అంటే ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు లేని ప్లేయర్లను టీమ్‌లు తెచ్చుకునే కాలం) జోరుగా సాగే మార్చిలో ఆ డబ్బు చేతికి రాదు. జూన్‌లో వచ్చేది డ్రాఫ్ట్ చేసిన కుర్రాళ్ల సంతకాలకూ, సీజన్ మధ్యలో గాయాలైతే మనుషుల్ని తెచ్చుకోవడానికీ పనికొస్తుంది, అంతే.

ఇక్కడే మొదటి గుర్తు దొరుకుతుంది. నిజంగా రీబిల్డ్ చేసే టీమ్ డెడ్ మనీ దెబ్బను ఎటూ ఓడిపోయే ఏడాదిలోనే మొత్తంగా తినేస్తుంది. ఆ దెబ్బను వచ్చే ఏడాదికి తోస్తూ, ఉన్న ప్లేయర్ల కాంట్రాక్టులను రీస్ట్రక్చర్ చేస్తూ పోయే టీమ్ రీబిల్డ్ చేయడం లేదు, అప్పు తిరగరాసుకుంటోంది. రీస్ట్రక్చర్ అంటే జీతాన్ని బోనస్‌గా మార్చడం. 1.50 కోట్ల జీతాన్ని 12 లక్షలకు దించి మిగతా 1.38 కోట్లను బోనస్ చేసి ఐదేళ్లకు పంచితే, ఏడాదికి 27.6 లక్షలు. ఈ ఏడాదికి 1.10 కోట్లు మిగిలినట్టు కనిపిస్తుంది, కానీ వచ్చే నాలుగేళ్లూ ఏటా 27.6 లక్షలు అదనపు బరువు. గెలిచే టీమ్ చేస్తే అర్థముంది. మూడు మ్యాచ్‌లు గెలిచే టీమ్ చేస్తే అది ఉద్యోగం కాపాడుకోవడానికి జనరల్ మేనేజర్ పడే పాటు.

మంచి ఉదాహరణ డెట్రాయిట్ లయన్స్. నొవై, ట్రాయ్, కాంటన్ వైపు ఉండే మన తెలుగువాళ్లు దీన్ని దగ్గర్నుంచి చూశారు. 2020 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ ఓటమి తర్వాత కోచ్ మాట్ పట్రీషియానూ, జనరల్ మేనేజర్ బాబ్ క్విన్‌నూ తీసేశారు. 2021 జనవరిలో లాస్ ఏంజెలెస్ రామ్స్ టీమ్ నుంచి బ్రాడ్ హోమ్స్ జనరల్ మేనేజర్‌గా, డాన్ క్యాంప్‌బెల్ హెడ్ కోచ్‌గా వచ్చారు. ఆ నెలాఖరులోనే పన్నెండేళ్లుగా టీమ్‌ను మోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మాథ్యూ స్టాఫర్డ్‌ను రామ్స్‌కు ఇచ్చేసి జారెడ్ గాఫ్‌ను, 2021 మూడో రౌండు పిక్‌ను, 2022, 2023 మొదటి రౌండు పిక్‌లను తీసుకున్నారు.

రెండు మొదటి రౌండు పిక్‌లు ఎందుకొచ్చాయి? స్టాఫర్డ్ గొప్పవాడు కాబట్టే కాదు. గాఫ్ పెద్ద కాంట్రాక్టును రామ్స్ వదిలించుకోవాలి. ప్లేయర్‌ను ట్రేడ్ చేస్తే పాత బోనస్ వాటా పాత టీమ్ క్యాప్ మీదే పడుతుంది, ముందున్న జీతం మాత్రం కొత్త టీమ్ భరించాలి. కోవిడ్ వల్ల 2021లో క్యాప్ 19.82 కోట్ల నుంచి 18.25 కోట్లకు పడిపోయింది. ఆ ఏడాది పక్కవాడి బరువు ఎత్తుకోగలిగిన టీమ్‌కు బేరంలో పైచేయి ఉంటుంది. లయన్స్ అదే వాడుకున్నారు. మీ టీమ్ ఇలా పక్క టీమ్ చెడ్డ కాంట్రాక్టును పిక్‌తో కలిపి తీసుకుంటే సంతోషించండి, ఖాళీ క్యాప్‌ను అంతకంటే బాగా వాడే దారులు తక్కువ.

ఆ పిక్‌లు ఏమయ్యాయో చూడండి. రామ్స్ సూపర్ బౌల్ గెలవడంతో 2022 పిక్ 32వ నంబరుకు పడింది. హోమ్స్ 32, 34, 66 నంబరు పిక్‌లు ఇచ్చి మిన్నెసోటా నుంచి 12, 46 తీసుకున్నాడు. 12లో జేమిసన్ విలియమ్స్. మరుసటి ఏడాది రామ్స్ 5-12తో (5 గెలుపులు, 12 ఓటములు) కుప్పకూలడంతో 2023 పిక్ ఏకంగా 6కు ఎగబాకింది. దాన్నీ ఉంచుకోలేదు. 6, 81 అరిజోనాకు ఇచ్చి 12, 34, 168 తీసుకున్నారు. 12లో జమీర్ గిబ్స్, 34లో శామ్ లపోర్టా. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ గిబ్స్‌ను అంత పైన తీసుకున్నందుకు ఆ రాత్రి టీవీల్లో ఏకిపారేశారు. లపోర్టా మొదటి సీజన్‌లోనే 86 క్యాచ్‌లతో టైట్ ఎండ్ స్థానంలో ఆడే రూకీల (మొదటి ఏడాది ప్లేయర్ల) రికార్డు కొట్టాడు.

మీరు అడిగిన "పేరున్నవాళ్లను ఊరికే వదిలేయడం" గురించి చెప్పాలంటే కెనీ గొల్లడే సంగతి చూడాలి. 2021 మార్చిలో ఈ రిసీవర్‌ను లయన్స్ అడ్డుకోలేదు. జెయింట్స్ అతనికి నాలుగేళ్లకు 7.2 కోట్లు రాశారు. రెండు సీజన్లలో ఒక్క టచ్‌డౌన్ చేసి బయటికి వచ్చేశాడు. అతను పోయినందుకు లయన్స్‌కు 2022లో మూడో రౌండు చివర కాంపెన్సేటరీ పిక్ (పరిహారంగా లీగ్ ఇచ్చే అదనపు పిక్) వచ్చింది, నంబరు 97. అందులో తీసుకున్న సేఫ్టీ కెర్బీ జోసెఫ్ 2024లో 9 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు.

ఈ కాంపెన్సేటరీ పిక్ లెక్క తెలిస్తే మార్చి వార్తలు వేరేగా కనిపిస్తాయి. కాంట్రాక్టు గడువు తీరి వెళ్లిపోయినవాళ్లు, అలాగే గడువు తీరి మీ దగ్గరికి వచ్చినవాళ్లు, ఈ రెండు పద్దులూ ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. పోయినవాళ్లు ఎక్కువైతేనే పిక్ వస్తుంది, ఒక టీమ్‌కు ఏడాదికి నాలుగుకు మించి రావు. పాత టీమ్ కట్ చేసినవాణ్ని తెచ్చుకుంటే ఈ లెక్కలోకి రాడు. అందుకే తెలివైన టీమ్‌లు కట్ అయినవాళ్ల కోసం కాచుకుంటాయి. డ్రాఫ్ట్ అయ్యాక వచ్చే సోమవారం దాటాక చేసే సంతకాలు కూడా లెక్కలోకి రావు. మే నెలలో వెటరన్ల సంతకాలు ఒక్కసారిగా ఊపందుకోవడానికి కారణం అదే. రీబిల్డ్ అని చెప్పుకుంటూ మార్చి మొదటి వారంలోనే నలుగురు మధ్యరకం ఫ్రీ ఏజెంట్లను కొనేస్తే, వచ్చే ఏడాది పిక్‌లను చేజేతులా కాల్చుకున్నట్టే.

అలాగని అందర్నీ వదిలేయడం కూడా రీబిల్డ్ కాదు. లయన్స్ కొత్త మేనేజ్‌మెంట్ పాత అఫెన్సివ్ లైన్‌ను (క్వార్టర్‌బ్యాక్‌కు ముందు అడ్డుగా నిలిచేవాళ్లను) ముట్టుకోలేదు. టేలర్ డెకర్‌ను ఉంచుకున్నారు, 2021 మే నెలలో సెంటర్ ఫ్రాంక్ రాగ్‌నోకు నాలుగేళ్లు పొడిగించారు. మొదటి డ్రాఫ్ట్‌లో 7వ పిక్‌తో క్వార్టర్‌బ్యాక్‌ను కాకుండా అదే లైన్‌లో ఆడే టాకిల్ పెనే సూల్‌ను తీసుకున్నారు. నాలుగో రౌండు 112లో అమాన్-రా సెయింట్ బ్రౌన్ దొరికాడు. ముందు లైన్ కట్టి, తర్వాత క్వార్టర్‌బ్యాక్ సంగతి చూసే ఈ వరస నాకు సరైనదనిపిస్తుంది. లైన్ లేకుండా 21 ఏళ్ల కుర్రాణ్ని బరిలో నిలబెడితే సాక్‌లు (బంతి విసిరేలోపే కిందపడేయడాలు) తిని తిని వాడి కాళ్లకు కుదురు పోతుంది. కరోలినా 2023లో మొదటి పిక్ కోసం షికాగోకు 9, 61, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, పైగా రిసీవర్ డి.జె. మూర్‌ను ఇచ్చి బ్రైస్ యంగ్‌ను తెచ్చుకుంది. 2-15తో ముగిసింది. ఇచ్చేసిన 2024 పిక్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటిదై షికాగో చేతికి వెళ్లింది. కుర్రాడికి బంతి విసరడానికి ఉన్న మంచి రిసీవర్‌నే బేరంలో పోగొట్టుకోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

కానీ రూకీ క్వార్టర్‌బ్యాక్ నిలబడితే డబ్బు లెక్క పూర్తిగా మారిపోతుందన్నదీ నిజమే. వాషింగ్టన్‌లో జేడెన్ డేనియల్స్ రూకీ కాంట్రాక్టు నాలుగేళ్లకు కలిపి దాదాపు 3.77 కోట్లు. గాఫ్ 2024లో చేసుకున్న కాంట్రాక్టు నాలుగేళ్లకు 21.2 కోట్లు, అంటే ఏడాదికే 5.3 కోట్లు. డెన్వర్ అయితే రస్సెల్ విల్సన్‌ను పంపేసి రెండేళ్లలో కలిపి 8.5 కోట్ల డెడ్ మనీ మోస్తూ కూడా, బో నిక్స్ చవక కాంట్రాక్టు పుణ్యమా అని 2024లో 10-7తో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది.

ఓపిక ఎంత కావాలో కూడా చెప్పాలి. లయన్స్ 2021లో 3-13-1 (చివరిది టై). 2022లో 1-5 మీద ఉన్నప్పుడు ఓనర్ షీలా ఫోర్డ్ హ్యాంప్ మీడియా ముందుకొచ్చి కోచ్‌కూ మేనేజర్‌కూ అండగా మాట్లాడింది. ఆ తర్వాత వారమే ఇంకొకటి ఓడి 1-6 అయ్యారు. వెంటనే టైట్ ఎండ్ హాకెన్‌సన్‌ను సొంత డివిజన్‌లోని మిన్నెసోటాకే ట్రేడ్ చేశారు. అందరూ చేతులెత్తేశారనుకున్నారు. అక్కడి నుంచి పదింట ఎనిమిది గెలిచి 9-8తో ముగించారు. 2023లో 12-5, 1993 తర్వాత మొదటి డివిజన్ టైటిల్. ఓనరు రెండో ఏడాదిలోనే బెదిరి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. నా లెక్కలో రీబిల్డ్‌లు చెడేది ఎక్కువగా ఇక్కడే. కొత్త కోచ్ కొత్త పద్ధతి తెస్తాడు, పాతవాడి కోసం తీసుకున్న ప్లేయర్లు ఆ పద్ధతికి పనికిరారు, మళ్లీ మొదటికొస్తుంది. 2020లో మూడో పిక్‌తో తీసుకున్న కార్నర్ జెఫ్ ఒకూడాను హోమ్స్ మూడేళ్లకు అట్లాంటాకు ఇచ్చి ఐదో రౌండు పిక్‌తో సరిపెట్టుకున్నాడు.

గెలవడం మొదలయ్యాక ఇంకో రకం ఒత్తిడి. చవకగా ఆడిన కుర్రాళ్లు మూడు సీజన్లు పూర్తవగానే కొత్త కాంట్రాక్టు అడగొచ్చు. 2024 ఏప్రిల్‌లో ఒకే రోజు సెయింట్ బ్రౌన్‌కు 12 కోట్లు, సూల్‌కు 11.2 కోట్లు రాయాల్సి వచ్చింది. 15-2 సీజన్ ముగియగానే 2025 జనవరిలో ఇద్దరు కోఆర్డినేటర్లూ (హెడ్ కోచ్ కింది ముఖ్య కోచ్‌లు) హెడ్ కోచ్‌లుగా వెళ్లిపోయారు, బెన్ జాన్సన్ షికాగోకు, ఏరన్ గ్లెన్ జెట్స్‌కు.

మీ టీమ్ విషయంలో ముందు ఏడాది కాంట్రాక్టుల మీద తెచ్చుకున్నవాళ్ల వయసు చూడండి. 25-27 మధ్య, మొదటి కాంట్రాక్టు అప్పుడే ముగిసినవాళ్లయితే మంచిది. బాగా ఆడి వచ్చే మార్చిలో వేరే టీమ్‌కు వెళ్లినా కాంపెన్సేటరీ లెక్కలో పనికొస్తారు. 32 దాటినవాళ్లతో నింపితే సీట్లు భర్తీ చేస్తున్నారంతే. మే మొదట్లో, మూడేళ్ల కింద మొదటి రౌండులో తీసుకున్న కుర్రాడికి ఐదో ఏడాది ఆప్షన్ (నాలుగేళ్ల రూకీ కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించడం) ఇచ్చారో లేదో చూడండి. చివరిగా ఆగస్టు. 90 మందిని 53కి తగ్గించే రోజున నాలుగు సీజన్లు నిండనివాళ్లందరూ వెయివర్స్‌లోకి వెళ్తారు, మర్నాడు మధ్యాహ్నం 12 గంటలలోపు ఏ టీమ్ అయినా అడగొచ్చు. అప్పటికి ఇంకా నిరుటి ఓటముల వరసలోనే ప్రాధాన్యం నడుస్తుంది కాబట్టి మీ టీమ్ ముందు వరసలో ఉంటుంది. 31 టీమ్‌లు వదిలేసిన వందల మందిలో ఒక్కణ్నీ అడగకపోతే ఆ స్కౌటింగ్ డిపార్ట్‌మెంట్ నిద్రపోతోందని అర్థం.