24×36 అంగుళాల పాత జలపాతం బొమ్మకు 8,000 పెట్టొచ్చా?

తిరుపతిలో పాత సామాన్ల షాపువాళ్లు ‘వందేళ్ల నాటి ఆయిల్ పెయింటింగ్, తలకోన జలపాతం, ఫ్రేము ఎర్రచందనం’ అని 8,000 చెబుతున్నారు, కొనొచ్చా అని అడిగారు. మీరు పెట్టిన ఫొటోలో ముందువైపే ఉంది. ధర తేలేది వెనకవైపు చూశాకే. గోడ మీంచి దింపించండి.

పదింతలు చూపే భూతద్దం, ఫోన్ టార్చి చాలు. ఆకాశం నీలం మీద, ఆకుల అంచుల మీద భూతద్దం పెట్టండి. సన్నని రంగురంగుల చుక్కలు కనిపిస్తే ప్రింటే. చేతికి గరుకు తగిలిందని నమ్మకండి, ప్రింటు మీద జెల్ పూసి కుంచె గీతలు తెప్పిస్తారు. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. చేత్తో వేసిన బొమ్మలో నీటి నురుగు దగ్గర తెల్లరంగు గట్టిగా లేచి ఉంటుంది, ఆ తెలుపు ఆగినచోటే ఆ ఉబ్బూ ఆగుతుంది. జెల్ గీత మాత్రం కొమ్మ మీద మొదలై ఆకాశంలోకి సాగిపోతుంది.

ఇక వెనక. గుడ్డను చెక్కకు స్టేపులర్ పిన్నులతో బిగించి ఉంటే వందేళ్ల మాట అనుమానమే. తర్వాత ఎవరో మళ్లీ బిగించారంటే పక్కనే పాత మేకుల రంధ్రాలు ఉండాలి. గుడ్డంతా ఒకే టీ రంగులో ఉన్నా నమ్మకండి. నిజంగా పాతబడ్డ గుడ్డ చెక్క ఆనినచోట ఒకలా, గాలి తగిలినచోట ఒకలా ఉంటుంది. తెల్లటి బూజు మచ్చలు, చెదల మట్టి కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి వానల్లో ఆ తేమకు గుడ్డ సాగి బిగుస్తుంటే రంగు పెచ్చులుగా లేస్తుంది.

సంతకం రంగు పగుళ్లలోకి దిగి ఉంటే, బొమ్మ పాతబడ్డాక పెట్టిందన్నమాట. బొమ్మలో మంచుకొండ, పైన్ చెట్లు ఉంటే అది తలకోన కాదు, శేషాచలంలో అవి లేవు. ఎర్రచందనం అన్నది పాలిష్ మాట కావచ్చు; పాలిష్ చేరని వెనక అంచు చూడండి, పాలిపోయిన చెక్క అయితే మామూలుదే. నిజంగా ఎర్రచందనమే అయితే కాగితాలు లేకుండా ముట్టుకోకండి.

ధర ఇలా కట్టండి. ఫ్రేము చుట్టుకొలత 120 అంగుళాలు, అంటే 10 అడుగులు. రెండంగుళాల పట్టీ అయితే మూలల వాలు కోతకు ఇంకో 16 అంగుళాలు. అడుగు రేటు ఫ్రేము షాపులో కనుక్కుని ఈ మొత్తం పొడవుకు లెక్క కట్టండి, వచ్చినదాంట్లో సగం పాత ఫ్రేము విలువ. ప్రింటయితే అంతకు మించి ఇవ్వొద్దు. చేత్తో వేసిందే అయినా చిత్రకారుడెవరో తెలియకపోతే అది గోడ అలంకారమే. మీ కంటికి నచ్చినంత మేరకు ఫ్రేము విలువ మీద కొంత కలపండి, వయసుకని మాత్రం పైసా ఎక్కువ ఇవ్వకండి.

కొన్నాక తడిగుడ్డతోనో, బంగాళదుంప ముక్కతోనో రుద్దకండి. నీళ్లు పగుళ్లలోంచి గుడ్డకు చేరితే గుడ్డ ముడుచుకుని రంగు ఊడుతుంది. పొడి మెత్తని కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి, అంతే.