మోటారు లేని ఫౌంటెన్

ప్రశ్న: మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఉంటాడు. ఈ వేసవిలో మమ్మల్ని చాట్స్‌వర్త్ ఎస్టేట్‌కి తీసుకెళ్తానంటున్నాడు. అక్కడి ఫౌంటెన్ మోటారు లేకుండానే అంతెత్తు లేస్తుందట, నిజమేనా? తప్పకుండా చూడాల్సినవి ఏమిటి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నూటికి నూరుపాళ్లూ నిజమమ్మా. 1844లో రష్యా చక్రవర్తి మొదటి నికోలస్ వస్తాడని ఆ ఎస్టేట్ యజమాని, డెవన్‌షైర్ ఆరో డ్యూక్ (డ్యూక్ అంటే అక్కడి పెద్ద ప్రభువుల బిరుదు) ఆ ఫౌంటెన్ కట్టించాడు. వెనక కొండ మీద, 300 అడుగులకు పైబడిన ఎత్తున, 8 ఎకరాల చెరువు తవ్వించాడు. ఆరు నెలల్లో పూర్తి కావాలని రాత్రిళ్లు కాగడాల వెలుగులో కూడా పని నడిచింది. చెరువు నీళ్లు గొట్టంలో దిగి, ఆ ఒత్తిడితోనే పైకి చిమ్ముతాయి. మన ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు కింద కుళాయి తిప్పితే జరిగేదే ఇదీను. ఒకసారి 296 అడుగులు అందుకుంది. చక్రవర్తి మాత్రం రానేలేదు.

దాన్ని డ్యూక్ భవనానికి దక్షిణాన, పొడవాటి కొలను గట్టు మీద నుంచి చూడండి. నేను వెళ్లినప్పుడు గాలి తిరగ్గానే తుంపర మా మీదే పడింది, శాలువా దగ్గర పెట్టుకోండి. అక్కడి నుంచి చూస్తే వాస్తుశిల్పి విలియం టాల్మన్ 1687లో మొదలుపెట్టిన భవనం దక్షిణ ముఖం, బంగారు పూత పూసిన కిటికీ చట్రాలు తిన్నగా కనిపిస్తాయి. లోపలి గదులకంటే నాకు ఈ ముఖమే ఇష్టం.

తర్వాత రాతి మెట్ల జలపాతం. మెట్లన్నీ ఒకే తీరున ఉండవు, అందుకే నీటి చప్పుడు మెట్టు మెట్టుకీ మారుతుంది. మరమ్మతులుంటే నీళ్లు ఆపేస్తారు, ముందే కనుక్కోండి. తోటంతా ఏటవాలు. మోకాళ్ల నొప్పులుంటే పై భాగం వదిలేయండి, నష్టమేం లేదు.

ఫౌంటెన్ కట్టిన జోసెఫ్ పాక్స్టన్ అసలు తోటమాలి. 1826లో, 23 ఏళ్లకే ఇక్కడ పెద్ద తోటమాలి అయ్యాడు. 1840కల్లా 277 అడుగుల పొడవున గాజు ఇల్లు లేపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెచ్చదనానికి బొగ్గు దొరక్క లోపలి మొక్కలు చచ్చిపోయాయి. 1920లో దాన్ని కూల్చేశారు. ఆ చోటు దగ్గర కాసేపు ఆగండి. ఇలాంటిది నిలబెట్టలేకపోయారే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1830ల్లో పాక్స్టన్ ఈ చలిదేశంలో, గాజు గదిలో అరటి గెల కాయించాడు. దానికి డ్యూక్ ఇంటిపేరే పెట్టారు, కావెండిష్ అని. మీ బజార్లో అమ్మే జి-9 అరటిపండు ఆ కావెండిష్ రకమే. మీ అబ్బాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.