కన్ను చూసేదెంత, మెదడు కలిపేదెంత: ఒక యువ రచయితకు లేఖ

నల్లగొండ

తమ్ముడూ,

దేవరకొండ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. పూర్వానుభవమూ ముందస్తు అంచనా కలిసి మన చూపును ఎలా నడిపిస్తాయన్న విషయాన్ని తెలుగులో రాయడానికి నీ వయసువాడు పూనుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే మొదటి పేరాను పూర్తిగా కొట్టివేయమని చెప్పక తప్పదు. తాడును చూసి పామనుకున్న మనిషి కథ చెప్పి, మెదడు మనల్ని మోసం చేస్తుందని తేల్చేశావు. ఆ ఒక్క వాక్యం తరువాతి పేజీలన్నింటినీ పక్కదారి పట్టించింది.

ఆ కథను మన చేలలోకి తెచ్చి, దగ్గర నుంచి చూడు. వానాకాలంలో పొద్దుగూకిన తరువాత ఒక రైతు మోటరు వేయడానికి బాయి దగ్గరికి పోతున్నాడు. చేతిలో సెల్‌ఫోను లైటు, ఇరువైపులా నడుమెత్తు పత్తి చేను, కాళ్ల కింద తడిసిన గట్టు. స్టార్టరు డబ్బాకు కాస్త ఇవతల నల్లగా, వంకరగా ఏదో పడి ఉంది. అది పాత డ్రిప్పు పైపు ముక్క కావచ్చు, పాము కావచ్చు. ఆ వెలుతురులో కన్ను ఇచ్చే సమాచారం రెండింటికీ సరిపోతుంది. నిరుడు అదే గట్టు మీద పామును చూసిన జ్ఞాపకం అతని నిర్ణయాన్ని ఒకవైపు మొగ్గేలా చేస్తుంది. పైగా, పైపును పామనుకుంటే ఒక్క అడుగు వెనక్కి వేయవలసి వస్తుందంతే, పామును పైపనుకుంటే ప్రాణానికే ముప్పు. ఈ లెక్క చూసుకొని వెనక్కి తగ్గిన మెదడును మోసగాడని ఎలా అంటాం? అదే రైతు పట్టపగలు అక్కడ నిలబడితే, నిరుటి జ్ఞాపకం ఎంత బలంగా ఉన్నా, పైపు పైపుగానే కనిపిస్తుంది.

నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడ ఉంది. ఆధారం మసకబారినప్పుడు అనుభవానికి బరువు పెరుగుతుంది, ఆధారం స్పష్టమైనప్పుడు తగ్గుతుంది. ఇంగ్లండు గణితవేత్త థామస్ బేయస్ మరణానంతరం 1763లో అచ్చైన వ్యాసం ఈ రకం లెక్కకు పునాది వేసింది. చూపు అంటేనే మనకు తెలియకుండా మెదడు చేసే ఊహ అని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే వాదించాడు. వీరిద్దరికీ చెరొక వాక్యం చాలు. నువ్వు ఇచ్చిన జీవిత చరిత్రలు ఇక్కడ అక్కర లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూనర్, పోస్ట్‌మన్ 1949లో చేసిన పేకముక్కల ప్రయోగాన్ని కూడా నువ్వు మోసం కిందే జమకట్టావు. ఎర్రటి ఇస్పేటు ముక్కను క్షణంలో చిన్న వంతు సేపు చూపితే, చాలామంది దాన్ని మామూలు ముక్కగానే చదివారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఇస్పేటును నల్లగానే చూసినవారు అంత తక్కువ వ్యవధిలో మరోలా చదవాలని ఆశించడమే న్యాయం కాదు. ఎక్కువసేపు చూపినకొద్దీ వారు తేడా పట్టుకోగలిగారన్న సంగతిని నువ్వు వదిలేశావు. అసలు చెప్పవలసింది అదే.

నువ్వు నాలుగు వాక్యాల్లో ముగించిన ఎలుకల ప్రయోగం మాత్రం విస్తరించి రాయదగినది. పన్నెండు ప్రయోగశాలలు కలిసి, 139 ఎలుకల మెదళ్లలో ఆరు లక్షలకు పైగా నాడీకణాల స్పందనలను నమోదు చేసి, 2025లో ఫలితాలు ప్రచురించాయి. తెర మీద కుడివైపో ఎడమవైపో చారల బొమ్మ కనిపిస్తుంది. ఎలుక ముందరి కాళ్లతో చిన్న చక్రాన్ని తిప్పి ఆ బొమ్మను నడిమికి తేవాలి. కొంతసేపు బొమ్మ నూటికి ఎనభై సార్లు ఒకే వైపు వస్తుంది, తరువాత ఎలాంటి సూచనా లేకుండా ఆ వాటం రెండో వైపుకు మారుతుంది. కొన్నిసార్లు చారలు బొత్తిగా కనిపించవు. చూడడానికి ఏమీ లేని ఆ క్షణంలోనూ ఎలుక చక్రం తిప్పాలి, అప్పుడది ఇటీవలి అనుభవం ఎటు చెబితే అటే ఎక్కువగా తిప్పింది. ఆ క్షణాన్ని నిదానంగా రాయి, చదివేవాడు ఖాళీ తెర ముందు కూర్చోవాలి. అంతకన్నా విశేషమేమిటంటే, ఆ అంచనా జాడలు మెదడులో ఏదో ఒక ఉన్నత కేంద్రానికే పరిమితం కాలేదు. కంటి సమాచారం తొలుత చేరే భాగాల్లోనూ, కదలికలను నడిపే భాగాల్లోనూ కనిపించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అంచనా మనం చూసేదాన్నే మారుస్తుందా, లేక చూసినదాని మీద మనం ఇచ్చే జవాబును మాత్రమే మారుస్తుందా అన్నది పరిశోధకుల మధ్య ఇంకా వాదంలో ఉన్న ప్రశ్న. నీ చివరి పేజీలో మొదటిదే నిజమని రాసేశావు. రెండు వాదాలకూ చోటివ్వు, పాఠకుడు తట్టుకోగలడు.

మొదటి పేరా తీసేసి, గట్టు మీది రైతుతోనో, నువ్వు స్వయంగా చూసిన మరో మనిషితోనో మొదలుపెట్టి, ఎలుకల భాగాన్ని రెండు పేజీలకు పెంచి, ఈ నెలాఖరులోగా మళ్లీ పంపు. పంపేముందు, సైన్సు చదవని ఒక పెద్దమనిషికి పైకి చదివి వినిపించి, ఆయన ఎక్కడ ఆపి అడిగారో ఆ చోట్లు పెన్సిలుతో గుర్తుపెట్టి మరీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న