ఒకే దీవి, రెండు జెండాలు

ప్రశ్న: కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ దీవి కొంత ఫ్రాన్స్‌ది, కొంత నెదర్లాండ్స్‌ది కదా. సరిహద్దు దాటితే గడియారం మార్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. రెండువైపులా ఏడాది పొడవునా ఒకే సమయం, మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మనకు సాయంత్రం 6:30 అయితే అక్కడ ఉదయం 9. పారిస్‌లో వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, దీవిలో జరపరు. అందుకే పారిస్‌తో తేడా చలికాలంలో 5 గంటలు, వేసవిలో 6.

అసలు చిక్కు ఫోనుతోనే. దక్షిణాన డచ్ వైపు కోడ్ 1-721, ఉత్తరాన ఫ్రెంచ్ వైపు 590. కూతవేటు దూరానికి చేసినా విదేశీ కాలే! ఫ్రెంచ్ వైపు ల్యాండ్‌లైన్లకు మామూలుగా 590 రెండుసార్లు కొట్టాలి. రెండోది నంబరులో భాగం. ఒకటి వదిలేస్తే కాల్ కలవదు. కరెంటు ఫ్రెంచ్ వైపు 220 వోల్టులు, డచ్ వైపు 110. మన ఇస్త్రీపెట్టె డచ్ వైపు సరిగా వేడెక్కదు.