డిక్కీ జోలికి వెళ్లకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. బావగారి అంబాసిడర్ మళ్లీ రోడ్డెక్కిందని చదివి కళ్లు చెమర్చాయి. అందులో పాట బాగా వినిపించాలన్న నీ కోరిక న్యాయమైనదే. కానీ ఆ దుకాణంవారు చెప్పినట్టు డిక్కీలో పన్నెండంగుళాల సబ్‌వూఫర్ (లోతైన గంభీర ధ్వనులను మాత్రమే వినిపించే స్పీకర్) పెట్టె పెట్టించవద్దు. అలా చేస్తే ఊరికి వెళ్లేటప్పుడు సామాన్లు ఎక్కడ పెట్టాలని మీ అమ్మ అడిగింది కదా, ఆమె మాటే సరైనది.

ముందు ఒక సంగతి తెలుసుకో. 80 హెర్ట్జ్‌కన్నా కిందిస్థాయి ధ్వని ఏ వైపునుంచి వస్తోందో మన చెవి పట్టుకోలేదు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, మీ బండి పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. అందుకే సబ్‌వూఫర్ వెనకే ఉండాలన్న నియమం ఏమీ లేదు. బండిలో ఊరికే పడి ఉన్న చోటు ఎక్కడుందో వెతుకు.

మొదట ముందు సీటు కింద చూడు. యాంప్లిఫయర్ (ధ్వనికి బలమిచ్చే పరికరం) లోపలే అమర్చిన ఎనిమిదంగుళాల పలచని సబ్‌వూఫర్లు దొరుకుతాయి, వాటి మందం ఏడెనిమిది సెంటీమీటర్లు. ఖాళీ సీటు కింద టేపు పెట్టి కొలిచి తృప్తి పడకు. మనిషి కూర్చుంటే స్ప్రింగులు కిందికి దిగుతాయి. గట్టిగా కలిపిన గోధుమపిండిని నిమ్మకాయంత ముద్దలుగా చేసి, ఒక్కొక్కటి కాగితం మీద పెట్టి, సీటు కింద నాలుగు చోట్ల ఉంచు. ఇంట్లో అందరికన్నా బరువైనవారిని కూర్చోబెట్టి, సీటును ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి చూడు. తరువాత అణిగిన ముద్దల ఎత్తు కొలువు. అన్నిటిలో చిన్నది ఎంతో అదే నీకున్న చోటు. అందులోనూ ఒక సెంటీమీటరు వదిలిపెట్టు.

సీటు కింది సబ్‌వూఫర్‌తో మృదంగంలో ఎడమచేతి దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది. గుండెలకు తగలాలంటే మాత్రం అది చాలదు. అప్పుడు డిక్కీలో వెనక చక్రం గుంటకు అవతల, పక్క రేకుకు ఆనుకుని ఉండే మూల చూడాలి. ఆ మూలలో సామాన్ల పెట్టెలు ఎలాగూ పట్టవు. పాత అట్టపెట్టెలు కోసి, ఆ మూల ఆకారం వచ్చేదాకా టేపుతో అతికించు. ఆ అచ్చు ప్రకారం ఫైబర్ గ్లాస్ పెట్టె చేయించు. పది అంగుళాల పలచని సబ్‌వూఫర్లలో చాలావాటికి మూసిన పెట్టెలో పదిహేను నుంచి ఇరవై లీటర్ల చోటు సరిపోతుంది. ఖచ్చితమైన అంకె దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. గొట్టం బిగించే రకం పెట్టె వద్దు, దానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. పెట్టె తయారయ్యాక లీటరు సీసాతో నీళ్లు పోసి లెక్కపెట్టు. వంకర ఆకారాన్ని కొలవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు.

ఆ మూలలో పెట్టే ముందు డిక్కీలోకి వాన నీరు వస్తోందేమో తేల్చుకో. మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌కు సుద్దముక్క రుద్ది, మూత వేసి తీయి. మూత అంచు మీద తెల్లగీత ఎక్కడ తెగిందో, జూలైలో నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. చెక్కపొడి అట్టతో చేసిన పెట్టె అయితే ఒక్క వానాకాలానికే ఉబ్బిపోతుంది.

ఒక మాట మనసులో గట్టిగా పెట్టుకో: రేకు కోయవద్దు. ఏళ్ల క్రితం ఒక పాత ఫియట్ వెనక అద్దం కింది రేకును, యజమాని తొందర చూసి, నేనే కోశాను. తరువాత ఆయన మనసు మార్చుకుంటే టింకరు ఎంతో నేర్పుగా అతికాడు. అయినా ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ అతుకు అలలాగా కనిపించేది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నీ పెట్టెను ఇదివరకే ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించు. రేపు విప్పితే బండి బావగారు వదిలి వెళ్లినట్టే ఉండాలి.

ఇక కరెంటు సంగతి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ముప్పై ఎనిమిదేళ్లు పాత బండ్ల వైరింగ్ చేసినవాడిగా చెబుతున్నాను, అసలు చిక్కంతా ఇక్కడే ఉంటుంది. బానెట్ ఎత్తి, ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది పాతరకం డైనమోనా, కొత్తరకం ఆల్టర్నేటరా చూడు. పాత డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డి రకం 150 వాట్ల యాంప్లిఫయర్ గట్టిగా వాయిస్తే 13, 14 ఆంపియర్లు లాగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు కూడా వెలిగితే బ్యాటరీ అరిగిపోతుంది. డైనమో అయితే ముందు ఆల్టర్నేటర్ వేయించు, తీసిన డైనమోను గుడ్డలో చుట్టి దాచిపెట్టు. 1960ల నాటి కొన్ని బ్రిటిష్ డిజైన్ బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా కలిపితే యాంప్లిఫయర్ క్షణంలో కాలిపోతుంది.

బ్యాటరీనుంచి విడిగా మందమైన రాగి తీగ, ఎనిమిది చదరపు మిల్లీమీటర్లది, లాగించు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చేచోట రబ్బరు బుష్ తప్పనిసరి. అది లేక రేకు అంచుకు తీగ ఒరుసుకుని, రాగి బయటపడి, పొగ వచ్చిన బండ్లను నా చేతులతో ఆర్పాను. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి మెరిసే ఇనుము కనిపించాలి. పాట తెచ్చే తీగను రెండోవైపు నడిపించు, లేకపోతే ఇంజన్ వేగంతో పాటు సన్నని ఈల వినిపిస్తుంది.

తీగ, ఫ్యూజులు ట్రూప్ బజార్‌లో కొను. సబ్‌వూఫర్‌కు కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరుగు. డబ్బా మీద వెయ్యి వాట్లని ఉంటే నమ్మకు, ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా పనిచేసే వాట్లు, ఎంతో అడుగు.

బిగించే రోజు ముందుగా చెప్పు, పొద్దున్నే బస్సెక్కి వస్తాను. ఈలోపు పిండి ముద్దల కొలతలు రాసి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య